పదేళ్లు దాటిన ఎయిర్ పిస్టల్ సిలిండర్: వాడాలా, పక్కన పెట్టాలా?

మౌలాలి_నాన్న

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. క్లబ్ పిస్టల్‌తో 10 మీటర్ల షూటింగ్ నేర్చుకుంటోంది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన ఈషా సింగ్ పతకాలు తెచ్చినప్పటి నుంచి ఇంట్లో ఇదే గోల. ఈమధ్య తెలిసినవాళ్ల ద్వారా సెకండ్ హ్యాండ్ పిస్టల్ ఒకటి కొన్నాం. ట్రిగ్గర్ బాగుంది, గ్రిప్ కూడా చేతికి సరిపోయింది. కోచ్ మాత్రం పిస్టల్ కింద బిగించే గాలి సిలిండర్ మీద చెక్కిన తేదీ చూపించారు. తయారై పదకొండేళ్లు నిండాయి. దీని ఆయుష్షు పదేళ్లే, మార్చేయండి అన్నారు.

అమ్మినాయన్ని అడిగితే, అదంతా కంపెనీల వ్యాపారం, నేను మొన్నటిదాకా వాడలేదా అంటున్నాడు. కొత్తదానికి డీలర్ ముప్పై వేల పైనే చెప్తున్నాడు, అదీ ఎప్పుడొస్తుందో చెప్పలేడట. ఇంకో సంగతి: సిలిండర్‌లో గాలి ఒత్తిడి చూపే ముల్లు రాత్రి 180 బార్ (ఒత్తిడి కొలత) దగ్గరుంటే పొద్దున్నకి 165కి దిగుతోంది. మీరైతే ఏం చేస్తారు?

పాత_పెల్లెట్

సార్, టెన్షన్ పడకండి. నా సిలిండర్‌కి పద్నాలుగో ఏడు నడుస్తోంది. గీత పడలేదు, సొట్ట లేదు, లీక్ లేదు. పదో పుట్టినరోజు దాటిన తెల్లారే అల్యూమినియం మెత్తబడిపోతుందా?

మీ ఇంట్లో వంట గ్యాస్ సిలిండర్ పిడి దగ్గర చూడండి. ఏ-28, బీ-27 అని ఉంటుంది. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, పక్కన ఏడాది. ఆ తేదీ వచ్చాక బండను చెత్తలో వేస్తున్నారా? టెస్ట్ చేసి మళ్లీ మన వంటింటికే పంపుతున్నారు. ఈ పిస్టల్ కంపెనీలేమో టెస్ట్ ఊసే ఎత్తవు, కొత్తది కొనమంటాయి. కొనడానికి జర్మనీలో పక్క వీధిలో దుకాణం ఉంటుంది. మౌలాలిలో ఉందా?

రామచంద్రాపురం_ఇంజినీర్

ఉద్యోగమంతా కంప్రెసర్లు, ప్రెజర్ వెసల్స్ దగ్గరే గడిచింది కాబట్టి రెండు మాటలు.

పాత_పెల్లెట్ గారి ప్రశ్నలో న్యాయం ఉంది. పదేళ్లు అన్నది లోహం చచ్చిపోయే రోజు కాదు. తయారీదారు కొంత మార్జిన్ పెట్టుకుని, ఇంతవరకు నాదే పూచీ అని గీసిన గీత. కానీ వంట గ్యాస్ పోలిక ఇక్కడ నిలబడదు. ఆ బండలో ఒత్తిడి పది బార్‌కి అటూ ఇటూ. మీ పిస్టల్ కింద వేలాడేది 200 బార్. పైగా గ్యాస్ బండకు టెస్ట్ పద్ధతి, టెస్ట్ చేసే కేంద్రం, ఫెయిలైతే పక్కన పడేసే అధికారం అన్నీ ఉన్నాయి. మన గ్యాస్ సిలిండర్ల నిబంధనల నిర్వచనం మొదలయ్యేదే 500 మిల్లీలీటర్ల పైనుంచి. పిస్టల్ సిలిండర్ వంద మిల్లీలీటర్లు కూడా ఉండదు. అంటే దాన్ని అడిగే నాథుడు లేడు.

ఇక్కడో లెక్క చెప్తాను. అర గ్రాము పెల్లెట్ (పిస్టల్ కాల్చే చిన్న గుండు) సెకనుకు 150 మీటర్ల వేగంతో వెళ్తే దానిలో శక్తి 6 జౌల్స్ లోపే. 70 మిల్లీలీటర్ల సిలిండర్‌ని 200 బార్‌కి నింపితే, అది ఒక్కసారిగా బద్దలైతే బయటికొచ్చే శక్తి 2,500 జౌల్స్‌కి పైనే. పెల్లెట్‌కి భయపడి కళ్లద్దాలు పెట్టుకుంటాం, ఈ రెండోదాన్ని మాత్రం చేతికి ఆనించి పట్టుకుంటాం.

పాత_పెల్లెట్

ఇంజినీర్ గారూ, లెక్క బాగుంది. కానీ కొత్త సిలిండర్‌లో కూడా అంతే శక్తి ఉంటుంది కదా? పాతది పగిలే అవకాశం ఎంత పెరిగిందో అది చెప్పండి.

రామచంద్రాపురం_ఇంజినీర్

సరైన ప్రశ్నే. అల్యూమినియంకి స్టీల్‌లా ఫెటీగ్ లిమిట్, అంటే ఇంతలోపు ఒత్తిడైతే ఎన్నిసార్లు పడినా అలిసిపోదు అనే హద్దు, ఉండదు. నింపిన ప్రతిసారీ, ఖాళీ చేసిన ప్రతిసారీ ఎంతో కొంత అలుపు పోగవుతుంది. ఒక ఫుల్ సిలిండర్‌కి 150 నుంచి 200 షాట్లు వస్తాయనుకుంటే, వారాంతంలో మాత్రమే కాల్చేవాడు పదేళ్లలో ఐదారు వందల సార్లు నింపుతాడు. రోజూ వంద షాట్లు కాల్చే పిల్ల రెండు మూడేళ్లలోనే ఆ లెక్క దాటేస్తుంది. ఇద్దరికీ పదేళ్లే అనడం మొరటు పద్ధతే, ఒప్పుకుంటాను.

అయినా మౌలాలి గారి విషయంలో నన్ను ఆపేది ఫెటీగ్ కాదు, చరిత్ర తెలియకపోవడం. గాలి నింపే 300 బార్ పెద్ద ట్యాంకు నుంచి ఎప్పుడైనా ఎక్కువ నింపారా? గచ్చు మీద పడిందా? మే నెలలో ఎండలో ఆపిన కారులో ఫుల్‌గా వదిలేశారా? 27 డిగ్రీల దగ్గర 200 బార్‌కి నింపింది 57 డిగ్రీల కారులో 220 అవుతుంది. మీ పద్నాలుగేళ్ల సిలిండర్ కథ మీకు తెలుసు. ఆయన కొన్నదాని కథ అమ్మినవాడికే తెలియాలి, అతను చెప్పడు.

సొంతంగా టెస్ట్ చేయిద్దామని ఎవరైనా అనుకుంటే: నీళ్లతో చేసే ప్రెజర్ టెస్ట్‌కి ఎంత ఒత్తిడి పెట్టాలో, ఎంత సాగితే ఫెయిల్ అనాలో తయారీదారే చెప్పాలి. ఆ అంకెలు చేతిలో లేకుండా ఊళ్లో వర్క్‌షాప్‌లో పెట్టించే టెస్ట్ మంచి సిలిండర్‌ని కూడా పాడు చేయగలదు.

కంట్రోల్_టేబుల్

పోటీల్లో ఎక్విప్‌మెంట్ కంట్రోల్ (షూటర్ల సామాను తనిఖీ చేసే టేబుల్) దగ్గర కూర్చునే వాడిని. మీ వాదన ఎలా తేలినా అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ రూల్ ఒకటే: సిలిండర్ గడువులో ఉండేలా చూసుకోవడం షూటర్ బాధ్యత, కంట్రోల్ దాన్ని చెక్ చేయవచ్చు. చేయవచ్చు అన్నారు కాబట్టి ఒక చోట చూడరు, ఇంకో చోట చూస్తారు. పిల్ల ఏడాదంతా ప్రాక్టీస్ చేసి, ఊరు కాని ఊరు వెళ్లి, టేబుల్ దగ్గర ఆగిపోతే ఎవరికి చెప్పుకుంటారు?

500 గ్రాముల ట్రిగ్గర్ బరువుకు (అంటే దాన్ని నొక్కడానికి పట్టే బలానికి) ఇంట్లో పదిసార్లు తూకం వేసుకుని వస్తారు. సిలిండర్ తిప్పి తేదీ చూసినవాళ్లు తక్కువ. నేను అడిగేదాకా అక్కడ తేదీ ఉంటుందని తెలియనివాళ్లూ ఉన్నారు.

ఎడిసన్_షూటర్

న్యూజెర్సీ నుంచి. ఇక్కడ ఎయిర్ పిస్టల్‌ని కూడా తుపాకీ కిందే లెక్కేస్తారు, కొనాలంటే పర్మిట్ కావాలి. ఇండియాలో ఆ బాధ లేదు, సంతోషించండి. మా క్లబ్‌లో గడువు దాటిన సిలిండర్‌ని క్లబ్ ట్యాంకు దగ్గర నింపనివ్వరు, అంతటితో చర్చ అయిపోతుంది.

గేర్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. 2021 జూలై 25న టోక్యోలో మనూ భాకర్‌కి ఏమైందో గుర్తుందిగా. క్వాలిఫికేషన్ మధ్యలో పిస్టల్ పాడై, బాగు చేసుకొచ్చేసరికి విలువైన సమయం పోయింది. 575 పాయింట్లతో 12వ స్థానం. ఫైనల్‌కి ఎనిమిది మందే.

పాత_పెల్లెట్

తమ్ముడూ, అక్కడ విరిగింది కాకింగ్ లివర్, ప్రతి షాట్‌కీ ముందు పిస్టల్‌ని సిద్ధం చేసే మీట. సిలిండర్‌కీ దానికీ సంబంధం లేదు. అన్నింటికీ టోక్యో లాక్కురావద్దు. అదే మనూ పారిస్‌లో రెండు కాంస్యాలు తెచ్చింది.

వైజాగ్_10మీ

ఆయుష్షు సంగతి మీరు తేల్చుకోండి, ఆయన అడిగిన లీక్ గురించి ఎవరూ మాట్లాడలేదు.

మౌలాలి గారూ, ముందు లీక్ ఎక్కడో పట్టుకోండి. సిలిండర్‌ని పిస్టల్ నుంచి విప్పి, ముల్లు ఎక్కడుందో ఫోటో తీసి, నీడలో ఒక రాత్రి ఉంచండి. పొద్దున ముల్లు దిగితే తప్పు సిలిండర్ వాల్వ్‌ది. కదలకపోతే తప్పు పిస్టల్ వైపుది, చాలాసార్లు సిలిండర్ బిగించే చోట గాలి పోకుండా ఉండే రబ్బరు రింగు, ఓ-రింగే. అది చిన్న ఖర్చు. ఒక జాగ్రత్త: అప్పుడే నింపిన సిలిండర్‌తో ఈ పరీక్ష చేయకండి. గబగబా నింపితే గాలి వేడెక్కి 200 చూపిస్తుంది, చల్లారాక 185కి వస్తుంది. దాన్ని చూసి లీక్ అనుకుని పిస్టల్ విప్పేసినవాళ్లను చూశాను.

ఓ-రింగ్‌కి సిలికాన్ గ్రీజు చాలు, వేలికొసకి అంటీ అంటనంత. కుట్టు మిషన్ నూనె, బండి గ్రీజు దగ్గరికి రానివ్వకండి. అధిక ఒత్తిడి గాలిలో పెట్రోలియం నూనె అంటుకునే ప్రమాదం ఉంది. నిండుగా ఉన్న సిలిండర్ వాల్వ్‌ని మాత్రం ఏ పరిస్థితిలోనూ విప్పకండి.

చేతి పంపు వాడేవాళ్లకి ఇంకో మాట. మా ఊరి గాలిలో ఘనపు మీటరుకి 20 గ్రాముల దాకా నీటి ఆవిరి ఉంటుంది. 70 మిల్లీలీటర్ల సిలిండర్ 200 బార్‌కి నిండాలంటే 14 లీటర్ల గాలి కావాలి. అంటే పావు గ్రాము పైన, ఐదారు చుక్కల నీళ్లు. పంపులో తేమ పట్టే భాగం అందులో చాలావరకు ఆపుతుంది, దాన్ని ఎండబెడితేనే. మిగిలింది లోపలికి వెళ్లి కూర్చుంటుంది. అల్యూమినియం తుప్పు పట్టదు అనుకుంటాం కానీ ఉప్పు తేమకు గుంటలు పడతాయి. బయట మెరుస్తున్న సిలిండర్ లోపల ఎలా ఉందో పాత_పెల్లెట్ గారికీ తెలియదు.

పాత_పెల్లెట్

వైజాగ్ మాట ఒప్పుకుంటాను, నేను మొదటి నుంచి స్కూబా ట్యాంకు పొడి గాలే వాడతాను. కానీ నా అసలు బాధ ఎవరూ పట్టించుకోవట్లేదు. ముప్పై వేలు లేక షూటింగ్ మానేసే పిల్లలున్నారు. రూల్ రాసినవాళ్లకి వాళ్లు కనపడరు.

కంట్రోల్_టేబుల్

కనపడతారు సార్. కానీ 10 మీటర్ల రేంజ్‌లో పక్క లేన్ మీటరు దూరంలో ఉంటుంది. మీ సిలిండర్ రిస్క్ మీరొక్కరే తీసుకోవట్లేదు, పక్కన నిలబడ్డ ఎవరి పిల్లో కూడా తీసుకుంటోంది, ఆ పిల్లని ఎవరూ అడగలేదు. డబ్బు సమస్యకి దారి వేరే ఉంది. క్లబ్ తరఫున గడువున్న సిలిండర్లు రెండు మూడు కొని పెట్టుకుని, పోటీలకి పిల్లలకు ఇవ్వచ్చు. ఒకే మోడల్ పిస్టళ్లు ఉన్న క్లబ్‌లో ఇది కష్టమేం కాదు.

మౌలాలి_నాన్న

అందరికీ థ్యాంక్స్. వైజాగ్ గారు చెప్పినట్టు చేశాను. విడిగా పెడితే ముల్లు కదల్లేదు. ఓ-రింగ్ మార్పించాం, ఇప్పుడు పిస్టల్‌కి బిగించినా నిలబడుతోంది. సిలిండర్ మాత్రం కొత్తది ఆర్డర్ పెట్టాను, అదొచ్చేదాకా పాప క్లబ్ పిస్టల్‌తోనే కాలుస్తుంది. అమ్మినాయనతో మాట్లాడితే సగం డబ్బు తిరిగి ఇస్తానన్నాడు, ఇంకా చేతికి రాలేదు. డీలర్ దగ్గర పొట్టి సిలిండర్ కొంచెం తక్కువకు ఉందట. తీసుకోవచ్చా?

వైజాగ్_10మీ

మీ మోడల్‌కి అదే కంపెనీ చేసినదైతే తీసుకోవచ్చు. ముందు భాగం తేలికవుతుంది, చిన్న పిల్లలకి మొదట్లో హాయిగానే ఉంటుంది, కానీ కొందరికి గురి పెట్టేటప్పుడు ముక్కు ఊగుతున్నట్టుంటుంది. షాట్లు కూడా తగ్గుతాయి. 60 షాట్ల మ్యాచ్‌కి, సైటింగ్ షాట్లతో (గురి సరిచూసుకోవడానికి ముందు కాల్చేవి) కలిపి సరిపోతాయో లేదో డీలర్ మాట వినకుండా మీరే ఒకసారి ఖాళీ అయ్యేదాకా కాల్పించి చూడండి.

రామచంద్రాపురం_ఇంజినీర్

పాత సిలిండర్‌ని మాత్రం పూర్తిగా గాలి తీసేసి, కంపెనీ చెప్పిన పద్ధతిలో పనికిరాకుండా చేయండి. అలాగే పెడితే రేపు ఎవరో ఒకరు తక్కువకిస్తే కొంటామని అడుగుతారు.

పాత_పెల్లెట్

నేను అడుగుదామనే అనుకుంటున్నాను 😄