ఆవిరి చేసిన పనికి గుర్తు ప్లస్సా, మైనస్సా?

అందరికీ నమస్కారం. మాది పలాస. జీడిపిక్కలు ఉడికించే బాయిలర్ దగ్గర పని చేస్తాను. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. నిన్న రాత్రి "నాన్నా, నువ్వు రోజూ చూసే ఆవిరే కదా, ఈ లెక్క చెప్పు" అని పుస్తకం ముందు పెట్టింది. పరువు పోయింది.

100 డిగ్రీల దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరవడానికి 2256 జౌల్స్ వేడి కావాలి. 1 ఘన సెంటీమీటరు నీరు 1671 ఘన సెంటీమీటర్ల ఆవిరిగా ఉబ్బుతుంది. అలా ఉబ్బుతూ చుట్టూ ఉన్న గాలిని నెట్టడానికి సుమారు 169 జౌల్స్ పోతాయి. మిగతా 2087 అంతర్గత శక్తిలో చేరతాయట. కూడి చూశాను, సరిపోయింది.

టెన్షన్ ఎక్కడంటే, అంతర్గత శక్తి ఎంత మారిందో లెక్క కట్టడానికి ఫిజిక్స్ నోట్సులో వేడిలోంచి పని తీసేశారు, కెమిస్ట్రీ నోట్సులో వేడికి పని కలిపారు. రెండింట్లోనూ నియమం (థర్మోడైనమిక్స్ మొదటి నియమం) ఒకటే అయినప్పుడు రెండూ ఎలా సరైనవి? ఆవిరి చేసిన పని, ఆవిరి మీద చేసిన పని అన్న తేడాయేనా?

ఇంకోటి నా సొంత అనుమానం. ఉష్ణోగ్రత 100 దాటనే లేదు, మరి ఆ 2087 జౌల్స్ ఎక్కడ దాక్కున్నట్టు?

సోమవారం స్లిప్ టెస్టు. పిల్లకు అర్థమయ్యేలా, వీలైతే నాకూ అర్థమయ్యేలా చెప్పండి.