అప్‌డేట్: అమ్మ పాత చీరతో పాపకు పట్టులంగా

మా నాలుగేళ్ళ పాపకు బతుకమ్మ కోసం అమ్మ పాత పట్టుచీరతో లంగా, జాకెట్టు కుట్టాలని, జరీ గుచ్చుకోకుండా ఏం చేయాలని ఇక్కడ అడిగాను. కుట్టడం పూర్తయింది. పాప దాన్ని వేసుకుని సాయంత్రమంతా ఆడింది, ఒక్కసారి కూడా గోక్కోలేదు!

మీరు చెప్పినట్టే సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో పలుచని నూలు గుడ్డ కొని, ముందే తడిపి ఆరవేసి, ఆ తర్వాతే లైనింగ్‌కు కత్తిరించాను. అలా చేయకపోతే మొదటి ఉతుకులో లోపలి గుడ్డ కుంచించుకుపోయి పైపట్టు ముడతలు పడుతుంది. మెడ, చంకల దగ్గర కుట్లన్నీ పట్టుకూ లైనింగ్‌కూ మధ్యకు వెళ్ళేలా తిప్పి కుట్టాను. అసలు సమస్య అక్కడే ఉండేది.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటి. ఏళ్ళ తరబడి మడిచి ఉంచిన పట్టు ఆ మడతల వెంటే చిట్లుతుంది. చీరను వెలుతురుకు ఎత్తి చూస్తే సన్నని గీతలు కనిపించాయి. వాటిని తప్పించి కత్తిరించేసరికి కుచ్చిళ్ళు కొంచెం తగ్గాయి, అయినా బాగుంది. గుండుసూదుల రంధ్రాలు పట్టులో మిగిలిపోతాయి కాబట్టి కుట్టు లోపలికి పోయే అంచులోనే గుచ్చాను.

అడుగున లోపలివైపు రెండు మడతలు వేసి ఉంచాను. పాప పొడవైతే ఒక్కొక్కటీ విప్పుతాను. నడుముకు బొందు బదులు ఎలాస్టిక్ వేశాను.

అమ్మ లంగా మీది తన చీర అంచును చేత్తో తడుముతూ చాలాసేపు కూర్చుంది.