కథలో రాణికి పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చాలా, ఉంచాలా?

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. గండికోట లాంటి కోటను మనసులో పెట్టుకుని ఫాంటసీ నవల రాస్తున్నా. పెన్నా లోయ అంచున ఎర్రరాళ్ల గోడలు, లోపల ధాన్యాగారం, అన్నీ కుదిరాయి. ఇంటిపేరు దగ్గరే బండి ఆగిపోయింది.

నా కథానాయిక పెద్ద వంశం పిల్ల. చేసుకునేది చిన్న పాలెగాడి కొడుకుని. మన ఇళ్లల్లో అయితే పెళ్లవగానే ఆధార్‌లో అత్తింటి పేరు ఎక్కించమని పోరు మొదలవుతుంది (మా అక్క ఇంకా ఆ పనిమీదే తిరుగుతోంది). రాజవంశాల్లోనూ అంతేనా?

గేమ్ ఆఫ్ థ్రోన్స్ (రాజవంశాల పోరు మీద వచ్చిన ఫాంటసీ సిరీస్) చూస్తే ఇంకా అయోమయం. టల్లీల ఆడపడుచు కేట్లిన్ పెళ్లయ్యాక స్టార్క్ అయింది, చెల్లెలు లైసా ఆరిన్ అయింది. సెర్సీ మాత్రం సాక్షాత్తూ రాజునే పెళ్లాడినా లానిస్టర్‌గానే ఉండిపోయింది. మార్జరీ ఎన్ని పెళ్లిళ్లయినా టైరెల్లే! పుట్టింటి బలాన్ని బట్టి పేరు నిలుస్తుందని నా ఊహ. అలాగైతే టల్లీలూ తక్కువవాళ్లేం కాదు కదా.

మన రుద్రమదేవి నిడదవోలు చాళుక్య వీరభద్రుణ్ణి పెళ్లాడినా కాకతీయ రాణిగానే ఏలింది. కూతురి కొడుకు ప్రతాపరుద్రుడూ కాకతీయుడే. ఆమె సింహాసనానికి వారసురాలు, సరిపోయింది. నా పిల్లకు అన్న ఉన్నాడు, గద్దె రాదు. అక్కడే చిక్కు.

పేరు నిలవాలంటే ఏ కారణం పెడితే నమ్మేలా ఉంటుంది? పసుపు కుంకుమ కింద తెచ్చుకున్న కోటా, వెంట వచ్చిన పుట్టింటి సైన్యమా? పుట్టే బిడ్డలకు ఎవరి పేరు పెట్టాలి? ఫాంటసీ బాగా చదివినవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.