ఒక్కరే ఉన్నా అంత పద్ధతిగా ఎలా తింటారు?

ప్రశ్న (హన్మకొండ నుంచి): మా అబ్బాయి ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఉంటాడు. పోయిన ఎండాకాలం నెలరోజులు అక్కడున్నాను. కింది ఇంటామెకు 78 ఏళ్లు, ఒక్కతే. అయినా మధ్యాహ్నం టేబుల్ మీద గుడ్డ పరిచి, ముందు సూప్, తర్వాత కూర, చీజ్, ఆఖరికి పండు. బ్రెడ్డు మాత్రం ప్లేట్లో కాదు, గుడ్డ మీదే! నేనేమో గిన్నెలోనే కలుపుకుని టీవీ ముందు తింటాను.

జవాబు: అక్కా, వాళ్ల విందు భోజన పద్ధతిని 2010లో యునెస్కో కూడా గుర్తించింది.

జవాబు: మా నాయనమ్మ జనగామలో పీట మీద కూర్చుంటే ఫోన్ మోగినా లేవదు. పప్పు, పచ్చిపులుసు, పెరుగు. వరుస తప్పితే మనకే తిట్లు.

ప్రశ్న అడిగినామె: నిన్న సర్వపిండి ప్లేట్లో పెట్టుకుని, టీవీ బంద్ చేసి కూర్చున్నాను. పది నిమిషాల్లో అయిపోయింది. తర్వాత ఏం చేయాలో తోచలేదు.