భాష మార్చినా, గొంతు మార్చినా మనిషిని గుర్తుపట్టేదెట్ల?

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. ఎంటెక్ ప్రాజెక్టు కోసం, గొంతు విని మనిషిని గుర్తుపట్టే సిస్టమ్ చేస్తున్న. వాక్స్‌సెలెబ్ (వేలమంది ప్రముఖుల గొంతుల రికార్డింగులు) డేటాతో ట్రైన్ అయిన, గొంతులను పోల్చే ఈకాపా-టీడీఎన్ఎన్ మోడల్ తీసుకున్న. ఒక్కో రికార్డింగును 192 అంకెల వెక్టర్‌గా మార్చి, రెండింటి మధ్య కొసైన్ స్కోర్ (రెండు వెక్టర్లు ఎంత దగ్గరగా ఉన్నయో చెప్పే అంకె) చూస్తున్న.

మా కాలనీవాళ్లను అడిగి తెలుగు, ఉర్దూ, లంబాడీ మాటలు ఫోన్‌ల రికార్డు చేసిన. ఒకే మనిషి రెండుసార్లూ తెలుగే మాట్లాడితే స్కోర్ బాగనే వస్తుంది. ఒకసారి తెలుగు, ఇంకోసారి ఉర్దూ అంటే స్కోర్ దిగుతుంది. వేర్వేరు మనుషులు ఇద్దరూ లంబాడీ మాట్లాడితేనేమో పెరుగుతుంది! ఒక్క థ్రెషోల్డ్ (అదే మనిషి అనడానికి పెట్టే స్కోర్ హద్దు) అన్నిటికీ సరిపోతలేదు. ఏఎస్-నార్మ్ (వేరే మనుషుల గొంతులతో వచ్చే స్కోర్లను చూసి అసలు స్కోర్‌ను సరిచేసే పద్ధతి) కోహార్ట్‌ల, అంటే ఆ వేరే మనుషుల గుంపుల, అన్ని భాషలు కలపాలెనా, భాషకొకటి పెట్టాలెనా?

అసలు తంటా మారు గొంతుతోటి. ముక్కు మూసుకుంటే ‘మ’, ‘న’లే ఎక్కువ చెడిపోతయి, అది కొంత నయం. గుసగుసలల్ల స్వరతంత్రులు కంపించవు కాబట్టి పిచ్ (గొంతు స్థాయి) అన్నదే దొరకదు. ఒగ్గుకథ చెప్పే మా పెదనాన్న ఆడపాత్ర గొంతు తీస్తే మోడల్ వేరే మనిషి అంటుంది. (ఫోన్‌ల వింటే మా పెద్దమ్మ కూడా పోల్చలేదు, అది వేరే సంగతి.)

పిచ్ మార్చిన నకళ్లతో మోడల్‌ను ఫైన్‌ట్యూన్ (ఇంకొంత ట్రైన్) చేద్దామనుకున్న. కానీ చాలా ట్రైనింగ్ రెసిపీలల్ల 0.9, 1.1 వేగంతో మార్చిన గొంతును కొత్త మనిషిగానే లెక్కేస్తరు కదా. నేను అదే మనిషి అని నేర్పితే రెండూ కొట్టుకోవా? ఇంత చిన్న డేటాతో చివరి లేయర్లే ట్రైన్ చేస్తే చాలా? చేసి చూసినవాళ్లు ఎవరన్న ఉంటే జర చెప్పండి.