అప్‌డేట్: గోల్ఫ్‌లో నా డ్రైవర్ హుక్ తగ్గింది, కారణం గ్రిప్ (క్లబ్ పట్టుకునే తీరు) కాదు

డ్రైవర్ (దూరం కొట్టే పొడవాటి క్లబ్) కొడితే బంతి కుడికి మొదలై ఎడమకు గట్టిగా తిరిగిపోతోందని, అంటే హుక్ అవుతోందని, ఇంతకుముందు అడిగాను కదా (నాది కుడిచేతి ఆట). సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

కోచ్ ట్రాక్‌మ్యాన్‌లో (స్వింగ్‌ని, బంతిని కొలిచే రాడార్ పరికరం) చూస్తే స్వింగ్ పాత్ (క్లబ్ కదిలే దారి) లోపలి నుంచి బయటికి 8 డిగ్రీలు, ఫేస్ (బంతికి తగిలే క్లబ్ ముఖం) మాత్రం టార్గెట్‌కి 3 డిగ్రీలే కుడికి. పాత్‌తో పోలిస్తే ఫేస్ 5 డిగ్రీలు ఎడమకు మూసుకున్నట్టే, హుక్ పుట్టేది అక్కడే. డౌన్‌స్వింగ్‌లో (క్లబ్‌ని పైనుంచి బంతి మీదికి తెచ్చేటప్పుడు) నడుము తిరగడం ఆగిపోవడమే అసలు కారణమని తేలింది.

పనిచేసింది హెడ్‌కవర్ (క్లబ్ తలకు తొడిగే తొడుగు) డ్రిల్. బంతికి అడుగు వెనక, కాస్త మన పాదాల వైపు హెడ్‌కవర్ పెట్టి, దానికి తగలకుండా కొట్టాలి. ఎడమ తుంటి ఆగకుండా తిరిగితేనే కుదురుతుంది. ముందు ఐరన్‌తో (డ్రైవర్ కన్నా పొట్టి క్లబ్), సగం స్వింగ్‌తో మొదలుపెట్టండి, తొందర వద్దు!

ఇప్పుడు పాత్ 3 డిగ్రీల లోపే, చక్కటి చిన్న డ్రా (కొద్దిగా ఎడమకు వంగే షాట్) వస్తోంది. షాఫ్ట్ (క్లబ్ కర్ర) మార్చే పనే పడలేదు. అంతకుముందు గ్రిప్ ఒక్కటే మార్చి చూస్తే బంతి నేరుగా కుడికే పోయింది.