సమస్యాపూరణం: గోడ కదులుచుండ గూడు నిలిచె

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. విషయం కణత్వచం, అంటే కణం చుట్టూ ఉండే పలుచని పొర. మొక్కల కణకవచం జోలికి వెళ్లకండి, దానికి ఈ కదలిక లేదు. గోడ కదిలితే ఇల్లు కూలాలి కదా! ఇక్కడ ఎందుకు కూలలేదో పై మూడు పాదాల్లో తేలాలి.

పూరణ 1 (హైస్కూలు సైన్సు టీచర్)

నీటి వైపు తలలు నిలిపి, తోకలు దాచి
కొవ్వుటణువులెల్ల గూడి యాడ,
చోటు మారు గాని జోడు వీడక యుండు
గోడ కదులుచుండ గూడు నిలిచె

నిర్వాహకుడు: టీచరుగారూ, చాలా బాగుంది. నీ–ని, కొ–గూ, చో–జో యతులన్నీ కుదిరాయి. ఈ పొరలోని కొవ్వు అణువులు ఫాస్ఫోలిపిడ్లు. వాటి తలలకు నీరంటే ఇష్టం, తోకలకు గిట్టదు. అందుకే పొరలో అవి రెండు వరసలుగా, తోకలు లోపలికి దాచుకుని నిలబడతాయి. ఈ అణువులను ఒకదానికొకటి గట్టిగా అతికించే బంధాలేమీ లేవు. చుట్టూ ఉన్న నీరే వాటిని ఒకచోట ఉంచుతుంది. పక్క అణువుతో సెకనుకు కోటిసార్ల దాకా చోటు మార్చుకున్నా పొర చెదరనిది అందుకే. ఒక వరస నుంచి రెండో వరసలోకి తనంతట తాను దూకడం మాత్రం బహు అరుదు. 'జోడు వీడక' అన్న మాట ఇక్కడ శాస్త్రానికీ నిలబడింది.

ఒక సభ్యురాలు: కదిలేవి కొవ్వులేనా అండీ? ప్రోటీన్ల మాటేమిటి?

టీచర్: అవీ కదులుతాయమ్మా. 1970లో ఫ్రై, ఎడిడిన్ అనే ఇద్దరు ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ కలిపి ఒకటి చేశారు. ఎలుక ప్రోటీన్లకు ఒక రంగు, మనిషివాటికి ఇంకో రంగు. మొదట చెరో సగంలో ఉన్న రంగులు 37 డిగ్రీల దగ్గర సుమారు 40 నిమిషాల్లో కలిసిపోయాయి. బాగా చల్లబరిస్తే కలవలేదు. పొర ద్రవంలా కదులుతుందనీ అందులో ప్రోటీన్లు తేలుతుంటాయనీ 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన ద్రవ మొజాయిక్ నమూనాకు ఇదొక పెద్ద ఆధారం.

పూరణ 2 (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి)

చలికి కొవ్వు పేరి జడమయి పోకుండ
మీను తోకలందు వంపు పెంచె
మంచు నీట గూడ మనుగడ సాగించె
గోడ కదులుచుండ గూడు నిలిచె

నిర్వాహకుడు: ఊహ అద్భుతం. చలికాలం నెయ్యి పేరుకుంటుంది, నువ్వులనూనె పేరుకోదు. నూనె తోకల్లో ద్విబంధాల దగ్గర వంపులుంటాయి, అవి దగ్గరగా సర్దుకోలేవు. చన్నీటి చేపలు తమ పొరల్లో అలాంటి తోకలనే పెంచుకుంటాయి. అయితే రెండో పాదంలో మీ–వం యతి తప్పింది. పైగా 'మీను తోక' అనగానే చేప తోకే మనసులోకి వస్తుంది. మొదటి పాదంలో కొవ్వు వచ్చింది గనుక అర్థం గట్టెక్కింది.

విశ్రాంత ఉద్యోగి: 'మీను వంగు తోక మేళవించె' అంటే?

నిర్వాహకుడు: మీ–మే, సరిపోయిందండీ. అర్థం కాస్త పలచబడినా పద్యం నిలబడింది.

పూరణ 3 (ఫార్మసీ విద్యార్థి)

మూడు సోడియముల ముంగిట వెడలించి
రెండు లోనికంపి రేపు మాపు
కాపు గాసె పంపు కణమును విడువక
గోడ కదులుచుండ గూడు నిలిచె

టీచర్: బాబూ, డెన్మార్క్ శాస్త్రవేత్త స్కౌ 1957లో కనిపెట్టి 1997లో నోబెల్ అందుకున్న సోడియం–పొటాషియం పంపు, అదే పొరలో ఉండి అయాన్లను అటూ ఇటూ తోసే ప్రోటీన్, ఇదే కదా! ఒక్క ఏటీపీకి (కణానికి శక్తినిచ్చే అణువు) మూడు సోడియం అయాన్లు బయటికి, రెండు పొటాషియం అయాన్లు లోపలికి. లెక్క సరే, 'రెండు' ఏమిటో పద్యంలో లేదు.

విద్యార్థి: పొటాషియం ఎంతకీ ఇమడలేదు మేడమ్.

నిర్వాహకుడు: అవును నాయనా, లఘువు మీద గురువుతో మొదలయ్యే మాట గణం మొదట్లో పట్టదు. 'పొ' ముందు గణం చివర పడేలా ప్రయత్నించు. అంతకన్నా పెద్ద లోటు, గోడ ఎందుకు కదులుతోందో నీ పద్యం చెప్పలేదు. పంపు కూడా ఆ పొరలో ఆకారం మార్చుకుంటూనే పనిచేస్తుంది. ఆ దారి పట్టుకుని ఆదివారంలోగా మళ్లీ పంపు.